ఇది నకలు చేయకండి

టైటస్ ఖయెంబా చేసిన చివరి మామూలు పని ఒక ఉడికిన గుడ్డు తినడం. ఎల్డొరెట్ పట్టణంలో పశువుల మందులూ విత్తనాలూ అమ్మే కొట్టు మీద అతని గది. కింద మెట్ల పక్కన షిరు వాళ్ళమ్మ గుడ్ల బకెట్టు పెట్టుకుని కూర్చునేది. గుడ్డును నిలువునా చీల్చి, మధ్యలో ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర తరుగు కూరి చేతికిచ్చేది.

"ఏంటి ఇంజినీరు గారూ, ఇవాళ మిరపకాయ వద్దంటున్నారు?"

"పొట్ట బాలేదు. ముందు ఆ చాకు తుడువు, షిరు వాళ్ళమ్మా."

"తుడిచిన చాకే. మీ కంటికి అన్నీ మురికిగానే కనబడతాయి. రేపు మీ ఇంటికొచ్చే పిల్ల ఎట్లా బతుకుద్దో."

"అది తెలిసే ఎవరూ రావట్లేదు."

నిలబడి తిన్నాడు. పైకెక్కి అక్కకు ఫోన్ చేశాడు. అక్క జుడిత్ నాలియాకా వెబుయెలో ఆడపిల్లల హైస్కూల్లో స్వాహిలీ చెబుతుంది. తమ్ముడి ఫోన్లు చాలా వరకు మాటల గురించే ఉండేవి. ఈ మాట సరిపోతుందా, పిల్లలకు అర్థమవుతుందా, స్వాహిలీ బాగా వచ్చిన టాంజానియావాళ్ళు నవ్వుతారా అని.

"అక్కా, 'ఇది వాడుకోండి' అనాలా, 'ఇది వాడుకోవచ్చు' అనాలా?"

"వాడుకోవచ్చు అంటే జంకుతారు. వాడుకోండి అనేయ్."

"జంకేవాళ్ళు ఎవరున్నారులే ఇక్కడ," అన్నాడు. నవ్వలేదు. "సరే, వాడుకోండి అనే రాస్తున్నా."

అదే ఆఖరి మాట. చీకటి పడ్డాక నొప్పి మొదలైంది. కొట్టు యజమాని అతన్ని కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అప్పటికే ఊపిరితిత్తులు పట్టేశాయన్నారు. తెల్లవారేసరికి లేడు.

పుట్టుకతోనే అతనికి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. చిన్నప్పుడు చలిగాలి తగిలినా, వానలో తడిసినా కాళ్ళ ఎముకల్లో నొప్పి లేచేది. తల్లి పొలానికి వెళ్ళేది కాబట్టి పక్కన కూర్చుని కాళ్ళు పట్టడం జుడిత్ పని అయింది. పట్టేటప్పుడు ఏదో ఒకటి చదివి వినిపించాలి, లేకపోతే ఊరుకునేవాడు కాదు. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ అయిపోయాక పాత పేపర్లు, అవీ అయిపోయాక పురుగుమందు డబ్బా మీద రాసి ఉన్న జాగ్రత్తలు చదివింది. ఆ జాగ్రత్తలే వాడికి ఎక్కువ నచ్చాయి. ఏది చేయాలో, ఏది చేయకూడదో, చేస్తే ఏమవుతుందో, అంతా పొట్టి పొట్టి వాక్యాల్లో ఉండేది.

పెద్దయ్యాక అతను రాసినవీ అలాంటివే. కాలేజీలో కంప్యూటర్ కోర్సు చదివి, ఎల్డొరెట్‌లో స్కూళ్ళకూ పాల సంఘాలకూ వెబ్‌సైట్లు కట్టిపెడుతూ బతికాడు. దానికి తోడు ఇంటర్నెట్‌లో తన పేరుతో ఒక పేజీ పెట్టుకుని, స్వాహిలీలో చిన్న చిన్న పాఠాలు రాసేవాడు. ఒక్కో పాఠంలో పనికొచ్చే కోడ్ ముక్క ఒకటి, దాని గురించి పది పదిహేను వాక్యాలు. గడియారంలోని టైముని, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి గంటలు లెక్కపెట్టే స్వాహిలీ లెక్కలోకి మార్చే ముక్క, అంటే ఉదయం ఏడింటిని ఒంటిగంటగా చూపించేది, చాలామంది వాడుకున్నారు. ఆ తరవాత భద్రత గురించి రాయడం మొదలుపెట్టాడు. పాస్‌వర్డులు ఎలా దాచాలి, ఎవరు అడిగితే ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు. ఇంగ్లీషు అరకొరగా వచ్చిన పిల్లలు మ్వాంజా నుంచీ మొంబాసా నుంచీ ఉత్తరాలు రాసేవాళ్ళు. వాటికి జవాబులు రాసి, పంపే ముందు అక్కకు చదివి వినిపించేవాడు.

పాఠం రాయడంలో అతనిదో పద్ధతి ఉంది. ముందు తప్పు ముక్క పెట్టేవాడు. దాని నెత్తిన 'ఇది నకలు చేయకండి' అని రాసేవాడు. అందులో తప్పెక్కడుందో విడమరిచి చెప్పి, అప్పుడు కింద సరైన ముక్క పెట్టేవాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు బోర్డు మీద ముందు తప్పు లెక్క వేసి, ఎక్కడ కాలు జారిందో పిల్లల చేత పట్టించేవాడట. తనకు లెక్కలు వచ్చింది అలాగేనని చెప్పేవాడు.

జబ్బు సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎల్డొరెట్‌లో ఎవరికీ తెలియదు. ఎప్పుడు పడిపోతాడో తెలియనివాడికి ఏ హెడ్మాస్టరూ ఏడాది పని అప్పగించడు. నొప్పి వచ్చినప్పుడు గది తలుపేసుకుని, పనిమీద ఊరెళ్ళానని చెప్పేవాడు. నెలకోసారి రక్తపు జబ్బుల క్లినిక్కుకి వెళ్ళి, నొప్పి ముదరకుండా ఆపే మాత్రలు తెచ్చుకునేవాడు.

ఆ క్లినిక్కు రోగుల కోసం కొత్తగా ఒక సైటు పెట్టింది. రక్తపరీక్ష ఫలితం ఫోన్‌లోనే చూసుకోవచ్చన్నారు. టైటస్ తన ఫలితం కోసం తెరిచి చూశాడు. సైటు అడ్రసు చివర తన రోగి నంబరు కనబడింది. ఊరికే, చేతి అలవాటు కొద్దీ, చివరి అంకె మార్చాడు. ఇంకెవరిదో ఫైలు వచ్చింది. పేరు, ఊరు, వయసు, జబ్బు, తల్లి ఫోన్ నంబరు. నువ్వెవరని అడిగే దిక్కు లేదు. నంబరు చెప్పినవాడి చేతిలో ఫైలు పెట్టే గుమస్తాలా ఉంది ఆ సైటు.

దాని లోపలి రాత, అంటే కోడ్, తెరిచి చూశాడు. ఆ ముక్క అతనిదే. అతని పాఠంలోని తప్పు ముక్క. అతను పెట్టుకున్న స్వాహిలీ పేర్లే ఉన్నాయి. పైన అతని వాక్యం కూడా అక్షరం పోకుండా ఉంది: 'ఇది నకలు చేయకండి'.

ఆ ఆదివారం జుడిత్ వచ్చేసరికి అతను మంచం మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

"చదువు."

"ఇది నువ్వు రాసిందే కదా. బాగానే ఉంది."

"ఇది మా క్లినిక్కు సైటక్కా."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొదట నవ్వొచ్చింది. ఆ తరవాత నోరంతా చేదుగా అయింది. బడిలో పిల్లలు పక్కదాని కాగితంలోంచి జవాబుతో పాటు దాని పేరు కూడా దించేసిన రోజులు ఆమెకు తెలుసు. ఆ పిల్లలకు పధ్నాలుగేళ్ళుంటాయి.

సైటు కట్టిన కంపెనీ సైలస్ ముఖ్వానాది. టైటస్‌తో పాటు కాలేజీలో చదివినవాడు. టైటస్ కాలు ఇంకా ఈడుస్తూ ఉండటంతో జుడిత్ తోడు వెళ్ళింది. అద్దాల తలుపు, ప్లాస్టిక్ తొడుగు తీయని సోఫా, గదంతా తియ్యటి సెంటు వాసన. సైలస్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏంటి బ్రదర్, ఎన్నాళ్ళకి! టీచర్ కూడా వచ్చారే. కూర్చోండి, కూర్చోండి. సంబూసాలు వేడిగా ఉన్నాయి."

టైటస్ ఆ సమోసాలు ముట్టలేదు. కంప్యూటర్ తెరిచి ముందు పెట్టాడు.

"ఇది నువ్వు కట్టిందే కదా?"

"మా కుర్రాళ్ళు కట్టారు. ఏం?"

"ఆ చివరి అంకె మార్చు."

సైలస్ మార్చాడు. ఫైలు వచ్చింది. ఇంకో అంకె వేశాడు. ఇంకొకటి. మూడో ఫైలు దగ్గర ఆగి ముందుకు వంగాడు.

"అరె, ఈ పిల్ల మా వీధిలోదే. దీనికి ఈ జబ్బుందా? వాళ్ళమ్మ చూడు, ఒక్క ముక్క చెప్పలేదు."

సంబూసా నూనె అంటిన వేలు ఆ పిల్ల పేరు మీదే ఉంది. కళ్ళలో ఆత్రం. జుడిత్‌కు అక్కడికక్కడే లేచి చేతులు కడుక్కోవాలనిపించింది, ఆమె దేన్నీ ముట్టుకోకపోయినా.

"చదవకు," అన్నాడు టైటస్.

"నువ్వే కదా చూపించావు."

"మూయమని చూపించాను. ఇది నా పాఠంలో తప్పు ముక్క. పైన రాసి కూడా ఉంది, నకలు చేయకండని. మీవాళ్ళు ఆ వాక్యం కూడా నకలు చేశారు."

సైలస్ ఆ వాక్యం చదివి చాలాసేపు నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే తప్పు నీదే కదా బ్రదర్? విషం సీసా ముందు వరసలో పెట్టి, తాగొద్దని చీటీ అంటిస్తే ఎట్లా?"

"కింద సరైనది పెట్టాను."

"కిందిదాకా ఎవడు పోతాడు? మాకు గడువులుంటాయి. మొదట కనబడింది పని చేస్తోందా లేదా, అంతే." ఒక సంబూసా విరిచి నోట్లో వేసుకుని, ఉన్నట్టుండి నమలడం ఆపాడు. "ఇంతకీ నువ్వు ఆ క్లినిక్కు సైటులోకి ఎందుకెళ్ళావ్?"

టైటస్ కంప్యూటర్ మూసేశాడు. సైలస్ ముఖం మెల్లగా మారింది. గొంతు తగ్గించి, మంచం పట్టినవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఓ. చెప్పొద్దా బ్రదర్ ఇన్నేళ్ళూ. నా దగ్గర దాపరికమా? నేనెవరికీ చెప్పనులే."

వానలు మొదలయ్యేలోగా రెండు స్కూళ్ళవాళ్ళు ఫోన్ చేశారు. ముందు ఆరోగ్యం చూసుకోమన్నారు, ఈ ఏడు పని ఇంకొకరికి ఇస్తున్నామన్నారు. ఆ ఇంకొకరు ఎవరో టైటస్ అడగలేదు.

క్లినిక్కు ఆఫీసులో మేనేజరు ఇంకా తేలిగ్గా తేల్చేశాడు. "అంటే మీరు వేరేవాళ్ళ ఫైళ్ళు చూశారన్నమాట. అది నేరం, తెలుసా మీకు?" టైటస్ అంతా కాగితం మీద వివరంగా రాసి ఇచ్చి వచ్చాడు. జవాబు రాలేదు. సైటు తెరిచే ఉంది.

జుడిత్‌కు ఒళ్ళు మండిపోయింది.

"నీ పేజీలో పెట్టు. పేపరువాళ్ళకి చెప్పు. కంపెనీ పేరు, మేనేజరు పేరు, అన్నీ రాయి. నువ్వు రాయకపోతే నేను రాస్తా."

"రాస్తే వీళ్ళు మూసేలోగా ఊరంతా లోపలికెళ్ళి చూసొస్తుంది. సైలస్ చూడటం చూశావుగా. అట్లాంటి వేళ్ళు ఎన్నుంటాయనుకున్నావ్?"

"మరి ఊరుకుంటావా?"

"వాళ్ళ కంపెనీ ముందుకెళ్ళి అరవలేను. నా పేజీ నా చేతిలో ఉంది కదా."

చేసింది అదే. పాత పాఠాలన్నీ ఒక్కొక్కటే తెరిచి, వరస తిరగేశాడు. సరైన ముక్క పైకి తెచ్చాడు. తప్పు ముక్కలను కిందికి నెట్టి, ఎత్తుకెళ్ళినా పని చేయకుండా మధ్యలో విరిచాడు. నొప్పి ఉన్న రోజుల్లో మంచం మీద బోర్లా పడుకుని చేశాడు. ఇలాంటి పనికి అతను పుట్టలేదని జుడిత్‌కు తెలుస్తూనే ఉంది. వాక్యం వెనక వాక్యం పేర్చుకుని, చదివేవాణ్ణి తప్పులోంచి ఒప్పులోకి చెయ్యిపట్టి నడిపించినవాడు. ఇప్పుడు తన నడకనే తుంచుకుంటున్నాడు.

"వాళ్ళ పెంట నువ్వెందుకురా ఎత్తడం?" అంది.

"మొదటి ముక్కనే ఎత్తుకెళ్తారక్కా. ఎత్తుకెళ్ళేదేదో మంచిదైనా ఉండాలి." తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు. "ఇన్నేళ్ళూ పాఠం రాశాననుకున్నా. ఇప్పుడు మేత వేస్తున్నా."

అతను అంత ఏవగింపుతో మాట్లాడటం ఆమె అంతకు ముందు వినలేదు. చిన్నప్పుడు అంత నొప్పిలో కూడా.

శవాన్ని ఊరికి తెచ్చాక ఏర్పాట్లు చూసే కమిటీ కూర్చుంది. అంత్యక్రియల రోజు పంచే పుస్తకంలో చనిపోయినవారి జీవితం రెండు పేజీల్లో ఉండాలి. చదువుకున్నది కాబట్టి రాయడం జుడిత్ వంతుకు వచ్చింది. పుట్టుక, బడి, కాళ్ళ నొప్పులు, పురుగుమందు డబ్బా, స్వాహిలీ గడియారం, మ్వాంజా నుంచి వచ్చిన ఉత్తరాలు, అన్నీ రాసింది. చివర క్లినిక్కు సైటు సంగతీ రాసింది, ఎవరి పేరూ పెట్టకుండా. 'అతని పాఠంలోని తప్పును ఒక కంపెనీ ఎత్తుకుని రోగులకు తొడిగింది. అది ఇంకా తెరిచే ఉంది.'

బాబాయి సిరెంగో కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఆ రెండు వాక్యాల మీద వేలు పెట్టాడు.

"అమ్మా జుడిత్, ఇది తీసేద్దాం."

"అబద్ధమా బాబాయ్?"

"అబద్ధమని నేనన్నానా? గుడారాలూ కుర్చీలూ పంపుతోంది ఆ కంపెనీ కుర్రాడు సైలసే. మైకు కూడా వాడిదే. వాడి గుడారం కింద కూర్చుని వాణ్ణే తిట్టే కాగితం పంచుతామా?"

"అయితే ఎండలో కూర్చుందాం."

"వచ్చేవాళ్ళంతా నీలా కోపంతో రారమ్మా. నీడ కావాలి వాళ్ళకి."

తీసేశారు. ఆ చోటు ఖాళీగా కనబడకుండా ఒక పువ్వు బొమ్మ అచ్చువేశారు.

గుడారాలు తెల్లగా, కొత్తగా ఉన్నాయి. వాటి అంచుల మీద సైలస్ కంపెనీ పేరు నీలం రంగులో అచ్చై ఉంది. క్లినిక్కు పూలచక్రం పంపింది. ఊళ్ళోవాళ్ళు, బంధువులు, పాస్టరు అయ్యాక సైలస్ మైకు అందుకున్నాడు. నల్లకోటు వేసుకున్నాడు. మైకును రెండుసార్లు తట్టి మొదలుపెట్టాడు.

"మా టైటస్ లాంటి బుర్ర మళ్ళీ పుట్టదు. ఈ రోజు ఎల్డొరెట్‌లో రోగులు ఫోన్‌లో ఫలితాలు చూసుకుంటున్నారంటే, అందులో మా బ్రదర్ రాసిన కోడ్ ఉంది. అది నేను గర్వంగా చెప్పుకుంటాను. రక్తంలో అంత జబ్బు పెట్టుకుని కూడా, సికిల్ సెల్ అండీ, చిరునవ్వుతో తిరిగాడు..."

గుంపులో గుసగుసలు లేచాయి. జబ్బు పేరు ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకడం జుడిత్‌కు కంటికి కనబడింది. వెనక కూర్చున్న ఎవరో ఆడమనిషి, "అందుకే పెళ్ళి కాలేదా," అంది. ఒకరిద్దరు అయ్యో అన్నారు. ఇంకెవరో సైలస్ మాటలకు చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు అందుకున్నారు. తల్లికి వినికిడి తక్కువ. అందరూ కొడుతున్నారని ఆమె కూడా మెల్లగా చేతులు కలిపింది. జుడిత్ ఆ చేతులు పట్టుకుని ఆపింది.

"ఎందుకే? మన వాణ్ణి మెచ్చుకుంటున్నాడు కదా."

"మెచ్చుకోవట్లేదమ్మా."

"మరేం చేస్తున్నాడు?"

జుడిత్ ఆ చేతులు తన ఒళ్ళోకి తీసుకుంది. భోజనాల దగ్గర సైలస్ ప్లేటు పట్టుకుని ఆమె పక్కకు వచ్చాడు. ఏ అవసరం ఉన్నా మొహమాటపడకుండా ఫోన్ చేయమన్నాడు. మాంసం బాగా ఉడికిందన్నాడు. ఆమె అతని పళ్ళ మధ్య ఇరుక్కున్న ఆకుకూర వంకే చూస్తూ నిలబడింది. అటువంటి మనిషిని చూస్తే కోపం రావాలి. ఆమెకు కోపం రాలేదు. చెప్పుకింద మెత్తగా ఏదో నలిగితే కిందికి చూడబుద్ధి కాదే, అలా ఉంది.

బళ్ళు మళ్ళీ తెరిచాక సైలస్ నుంచి మెసేజి వచ్చింది. క్లినిక్కు సైటుకు కొత్త భద్రత పెట్టాం టీచర్, బ్రదర్ ఆత్మ శాంతిస్తుంది అని. జుడిత్ స్టాఫ్ రూమ్‌లోనే తెరిచి చూసింది. నోటికొచ్చిన నంబరు వేసింది. పాస్‌వర్డ్ అడిగింది. ఇంకొకటి వేసింది. మళ్ళీ అడిగింది. టైటస్ నేర్పినట్టు లోపలి రాత తెరిచింది. పాతది పోయింది. దాని చోట అతని పాఠంలో ఇప్పుడు మొదట ఉన్న ముక్క ఉంది. పైన అతను ఆమెను అడిగి పెట్టిన మాట కూడా అలాగే ఉంది, 'ఇది వాడుకోండి' అని. ఈసారి కూడా కిందిదాకా ఎవరూ వెళ్ళలేదు. పక్క టీచరు, ఏమైంది, వాంతి వస్తోందా, నీళ్ళు తేనా అని అడిగింది.

అతని ఫైలు ఇక ఆ సైటులో ఉండకూడదని జుడిత్‌కు పట్టుదల కలిగింది. సెలవు పెట్టి ఎల్డొరెట్ వెళ్ళింది. క్లినిక్కు కిటికీ దగ్గర జెరోటిచ్ అనే నర్సు ఉంది. టైటస్ పేరు వినగానే బయటికి వచ్చి, బల్ల మీద ఆమె పక్కన కూర్చుంది. ఫైలు తీయించడానికి ఎవరిని కలవాలో చెప్పింది.

"చాలా శుభ్రమైన మనిషి టీచర్. నేను రక్తం తీసేముందు దూది మార్చమని అడిగేవాడు, మార్చిన దూదే అని నేను తిట్టేదాన్ని." కిటికీ వైపు ఒకసారి చూసింది. "మీరేమీ అనుకోకపోతే ఒకటడుగుతా. మాత్రలు చివర్లో ఎక్కడ తీసుకునేవాడు? వేరే ఆసుపత్రిలోనా?"

"ఇక్కడే కదా. నెలనెలా వచ్చేవాడుగా."

"రాలేదండీ. ఆ మేనేజరు గొడవ అయిన దగ్గర్నుంచీ రాలేదు. ఒక్కసారి గేటు దాకా వచ్చాడు. నన్ను బయటికి పిలిచి, 'సిస్టర్, ఈసారికి నా సంగతి కాగితం మీద రాసుకుని మాత్రలిస్తావా, కంప్యూటర్‌లో ఎక్కించకుండా' అని అడిగాడు. కుదరదు, ఎక్కించకపోతే మాత్రలు బయటికి రావు అన్నాను. నేనేం చేస్తానండీ, రూలు అది."

"వాడేమన్నాడు?"

"తలూపాడు. 'అయితే ఆ సైటు మూశాక వస్తాలే' అని వెళ్ళిపోయాడు."